కోలారు బంగారము, మనీలా బహుమానము

చిత్తూరు జిల్లా కొనయందు మూడు రాష్ట్రముల పొలిమేరలు కలిసికొనుచున్నవి. రామకుప్పమునుండి చూచినచో పడమట రెండు మూడామడలలో కన్నడదేశపు కోలారు బంగారు గనులును, నైరుతిదిక్కున అరవదేశపు కృష్ణగిరి సీమయు నున్నవి. ఈ మారుమూలతో సంబంధముగల మువ్వురు రామన్ మెగసెసే పురస్కారమును బడసిరన్న సంగతి మన పాఠకులలో పలువురెరుగకపోవచ్చును. బొంబాయి మురికివాడల జనులను సంఘటితపరచిన జోకిన్ అర్పుతముగారికి 2000లోను, కృష్ణగిరి పల్లెపడుచులచే పొదుపు సంఘములు పెట్టించిన కులందై ఫ్రాన్సిసుగారికి 2012లోను, పాకీపని నిర్మూలనమునకు పూనుకొనిన బెజవాడ విల్సనుగారికి 2016లోను ఈ గౌరవము లభించినది. అర్పుతముగారును విల్సనుగారును గనుల పట్టణముననే పుట్టిరి. విల్సనుగారు తెలుగువారు.

1957 మార్చిలో విమాన ప్రమాదమున గతించిన ఫిలిప్పీను అధ్యక్షుని పేర వెలసి, 1958 మొదలుకొని ఇయ్యబడుచున్న ఈ బహుమానమును ‘ఆసియా నోబెలు’ అనుట వాడుకయైనది. ఆ మాట మాకు రుచింపదు. ఆసియా వారు ఆసియా వారికి చేయు సత్కారమునకు ఐరోపా కొలబద్ద యెందులకు?

తొలి సంవత్సరముననే దీనిని బడసిన వినోబాజీ భూదానోద్యమము 1951 ఏప్రిలు 18వ తేదీని పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరములు ధారపోయుటతో ఆరంభమయ్యెను. నెల్లూరున జన్మించిన శాంతా సిన్హాగారు, బడికి పోని ప్రతిబిడ్డయు బాలకార్మికుడేయని వాదించి, వేలకొలది పిల్లలను పనినుండి విడిపించి పాఠశాలలకు చేర్చి 2003లో ఈ గౌరవమునొందిరి. ఈ కథలు మనకు వినసొంపుగా నుండును. పోచంపల్లిలో దానమిచ్చిన చేయి మనవంటి వారిదే గదా! విల్సనుగారి కథ అట్టిది కాదు. అందు మనకు దాతల స్థానము లేదు.

కోలారు గనులను గూర్చి మన పెద్దలు అబ్బురముగా చెప్పుకొనెడివారు. కావేరిపైనున్న శివసముద్రమునుండి 90 మైళ్లకు పైగా తీగలు లాగి 1902లోనే అచ్చటికి విద్యుత్తును తెచ్చిరి. గనులు 3 కిలోమీటర్లకు మించిన లోతునకు దిగినవి. చిత్తూరు, ఉత్తరార్కాటు, సేలము సీమల కూలీలు అందు దిగి, రాతిదుమ్ము పీల్చి, ఊపిరితిత్తులు పోగొట్టుకొనిరి. ఇంత విద్య యెరిగిన యాజమాన్యమునకు కార్మికుల వాడలో నీటి పాయఖానాలు కట్టుట మాత్రము చేతకాలేదు. తెల్లవారి కంపెనీ సంగతి పోనిండు. 1956లో గనులు మన ప్రభుత్వ హస్తగతమైన పిమ్మట గూడ మూడు దశాబ్దములకు పైగా మనుష్యులే మలమును బొక్కెనలతో ఎత్తి మోసిరి. విల్సనుగారి తండ్రియు అన్నయు ఆ పనియే చేసిరి. పెద్దవాడైన పిమ్మట ఆయన ఆ పని జరుగు తావునకు పోయి చూచుచుండగా, ఒక కార్మికుని బొక్కెన మలగుంటలో పడెను. అతడు చేయి గుంటలో పెట్టి దానిని వెలికి తీసెను. విల్సనుగారు కూలబడి యేడ్చిరి. తరువాత ఛాయాచిత్రములు తీసి ప్రధానమంత్రి వరకు పంపిరి.

1993లో పాకీపనిని నిషేధించుచు చట్టము వెలసినది. పెక్కు రాష్ట్రములు తమయందు ఆ పనియే లేదని బుకాయించినవి. పదవీ విరమణ చేసిన ఐ.ఏ.ఎస్. అధికారి యస్.ఆర్. శంకరన్‌గారి తోడ్పాటుతో విల్సనుగారు సఫాయి కర్మచారీ ఆందోళనమును స్థాపించి, 2003లో సుప్రీముకోర్టు నాశ్రయించిరి. 2013లో నూతన చట్టము వచ్చినది. 2014 మార్చి 27న వెలువడిన తీర్పు, మురుగుకాలువలలో దిగి మరణించిన వారి కుటుంబములకు 10 లక్షల రూపాయల పరిహారము విధించినది; 2023లో కోర్టు దానిని 30 లక్షలు చేసినది. 2025 జనవరిలో హైదరాబాదు మొదలుగాగల ఆరు మహానగరములలో మనుష్యులను మురుగులో దింపరాదని మరల శాసించినది. నిషిద్ధమైన పనిని మరల మరల నిషేధింపవలసి వచ్చుచున్నదనిన చట్టము అమలెట్లున్నదో వేరుగ చెప్పనక్కరలేదు.

ఇట్లుండ, 2021 జులైలో కేంద్రమంత్రి రాజ్యసభలో పాకీపనివలన మరణము లేవియు నమోదు కాలేదని చెప్పిరి. మురుగుకాలువ శుభ్రపరచుచు చచ్చుట వేరట, పాకీపనివలన చచ్చుట వేరట! నిఘంటువు మార్చి పీనుగులను లెక్క తప్పించు ఈ నేర్పును మేము మెచ్చజాలము.

2013 చట్టము పురపాలక సంఘములకే గాక గృహస్థులకును వర్తించును. మరుగుదొడ్డి గుంత నిండినపుడు రక్షణసాధనములు లేక మనిషిని అందు దింపినచో, మొదటి తప్పిదమునకే రెండేండ్ల వరకు కారాగారమో, 2 లక్షల వరకు జుల్మానాయో, రెండునో విధింపవచ్చును. యంత్రము వచ్చువరకు వేచియుండలేక నాలుగువందలో అయిదువందలో చేతబెట్టి కూలివానిని పిలుచు యజమానులు ఈ సంగతి గమనింపవలెను. కుప్పమునకు తొలి పురపాలక ఎన్నికలు 2021 నవంబరులో జరిగినవి. పట్టణము పెరుగుచున్నది, మేడలతోపాటు గుంతలును పెరుగుచున్నవి. ఊరిలో గుంతలెన్ని, వానిని తోడు యంత్రములెన్ని యని రాబోవు సమావేశమున సభ్యులలో ఒక్కరైనను అడుగుదురా?