బూజు పట్టిన యిల్లు

మన భాషలో బూజు అను మాట రెండు వస్తువులకు చెల్లుచున్నది. దూలముల మూలలందు సాలెగూళ్లకు దుమ్ము చేరి వ్రేలాడునది ఒక బూజు. చెమ్మ తగిలిన గోడమీదను, తోలుపెట్టెమీదను, ఊరగాయమీదను తెల్లగనో, పచ్చగనో, నల్లగనో పేరుకొను నూగు మఱియొక బూజు. పేరొక్కటియే యగుటచేత రెంటికిని ఒకటే చికిత్స చేయుట మన యిండ్లలో అలవాటైనది. మొదటిది చీపురుతో దులిపిన పోవును. రెండవది దులిపిన పోదు సరిగదా, ఇల్లంతయు వ్యాపించును. ఈ మాసము ఈ రెండవ బూజును గూర్చియే ముచ్చటింపదలచితిని.

2024వ సంవత్సరము ఆగస్టు నెలాఖరున కురిసిన కుండపోత వానలకు బుడమేరు పొంగి, గట్లు తెగి, సెప్టెంబరు 1వ తేదీ మొదలుకొని విజయవాడలోని సింగునగరము, రాజరాజేశ్వరీపేట మొదలగు పేటలు నీట మునిగినవి. కొన్ని వీధులలో నీరు దినముల తరబడి నిలిచినది. నీరు తీసిన పిదప ఫైరింజనులు వచ్చి వీధులను, ఇండ్లను కడిగినవి, బురద పోయినది. కాని బురద పోవుటతో ఇల్లాండ్ర పని ముగియలేదు. బీరువాల వెనుకను, పరుపుల లోపలను, పుస్తకముల కుట్లలోను బూజు అప్పుడే పుట్టుచుండెను. వరద యెఱుగని యిండ్లకును ఈ బెడద తప్పదు. మిద్దె కారిన గది, గొట్టము పగిలిన స్నానాలగది గోడ, శ్రావణ భాద్రపదములలో తాళమువేసి ఊరికి పోయివచ్చిన యిల్లు, అన్నిటను కథ యొక్కటియే.

బూజు శిలీంధ్రజాతికి చెందిన జీవి. దాని బీజములు కంటికి కానరానంత సూక్ష్మములై ప్రతి యింటి గాలిలోను సర్వదా తేలుచుండును. వానిని బొత్తిగా లేకుండ జేయుట యెవరి తరమును గాదు. అవి మొలకెత్తి పెరుగుటకు తిండియు చెమ్మయు కావలెను. కఱ్ఱ, కాగితము, నూలు, బంక, తోలు, తుదకు గోడమీది దుమ్ము కూడ దానికి ఆహారమే. కనుక తిండి మాన్పింపలేము. మన చేతిలోనున్నది చెమ్మ యొక్కటే. తడిసిన వస్తువు 24 మొదలు 48 గంటల లోపల చక్కగా ఆరినచో సాధారణముగా దానికి బూజు పట్టదు. ఆ గడువు దాటినదా, ఇక మనము చేయవలసినది ఆరబెట్టుట మాత్రమే కాదు, తొలగించుట.

తొలగించుట అనుచున్నాను గాని చంపుట అనుటలేదు. ఘాటైన మందు చల్లిన బూజు చచ్చునని నమ్మి, చల్లి ఊరకుండువారు పెక్కుమంది కలరు. చచ్చిన బూజు కూడ గోడమీద నున్నంతకాలము దాని ధూళి గాలిలో కలసి, తుమ్ములను, దగ్గును, ఉబ్బసమును రేపును. కావున సబ్బునీటితో తోమి, తుడిచి, ఆ గుడ్డను పారవేసి, ఆ చోటును పొడిగా నుంచుటయే ముఖ్యమైన పని.

ముందు దేహరక్షణము

వరదనీరు చేరిన యింటిలో మొదట మెయినుస్విచ్చి తీసివేయవలెను. కరెంటు పని తెలిసినవారు పరీక్షించి సరేయనువఱకు దేనిని ముట్టరాదు. పిదప తలుపులు, కిటికీలు బార్లా తీయవలెను. బూజు కంటికి కనబడుచుండగా పంకా వేయరాదు. గోడమీది బీజములను గదిగదికిని పంచినట్లగును. తుడిచి శుభ్రపఱచిన పిమ్మట ఆరుటకై పంకా ఎంతసేపు వేసినను మేలే.

మనవారు పైటచెంగు ముక్కునకు అడ్డముపెట్టుకొని పని మొదలుపెట్టుదురు. ఆ నేత సందులలోనుండి బీజములు సులభముగా దూరును. ఎన్-95 అను మాస్కు మందులషాపులలో దొరకును. దానితోబాటు రబ్బరు చేతిజోళ్లును, కళ్లద్దములును కావలెను. ఉబ్బసము గలవారు, గర్భిణులు, పసిపిల్లలు, ముదుసలులు, వ్యాధినిరోధకశక్తి తగ్గినవారు ఆ పని జరుగునంతసేపును ఆ యింట ఉండరాదు.

ఇక్కడ ఒక భయమును తీర్పవలసియున్నది. 2021లో కరోనా వ్యాధి నాటి బ్లాక్ ఫంగస్ అను మాట మన చెవులలో నింకను గింగురుమనుచున్నది. గోడమీది నల్లబూజు చూడగానే అదియే యని పలువురు హడలిపోవుచున్నారు. ఆ వ్యాధి వేఱొక తెగ శిలీంధ్రముల వలన ముఖ్యముగా మధుమేహము అదుపులో లేనివారికిని, స్టెరాయిడు మందులు హెచ్చుగా వాడినవారికిని వచ్చినది. చచ్చిన కండ నల్లబడుటచేత దానికా పేరు వచ్చినది గాని గోడమీది నలుపు చేత కాదు. భయపడవలదు, అట్లని అశ్రద్ధయు వలదు.

వరదపేటలలో బ్లీచింగు మందు పంచిపెట్టుదురు. సీసాలలో దొరకు బ్లీచి ద్రవమైనచో 4 లీటర్ల నీటికి పావులీటరు మించరాదు. దానిని పాయిఖానా కడుగు యాసిడుతో గాని, అమ్మోనియా గల ద్రవములతో గాని, నిమ్మరసముతో గాని కలుపరాదు. అట్లు కలిపిన పుట్టు విషవాయువు మూసిన గదిలో ప్రాణాపాయము తెచ్చును. రెండు కలిపిన రెట్టింపు బలమని తలచు చెల్లెండ్రు ఈ మాట మఱువకుందురు గాక.

ఉంచదగినవి, విడువదగినవి

స్టీలు, ఇత్తడి, గాజు, పింగాణి వస్తువులకు సబ్బునీరు చాలును. టేకు మొదలగు గట్టికఱ్ఱ సామానును తుడిచి నీడపట్టున మెల్లగా ఆరబెట్టవలెను. ఒక్కసారి మండుటెండ తగిలిన బీటలు వారును. ప్లైవుడ్డు, రంపపుపొట్టు అతికించి చేసిన పలకలు ఉబ్బినచో మఱి బాగుపడవు. నవారు విప్పి వేడినీట ఉతుకవచ్చును. నులకను మార్పింపవలసినదే. నూలుబట్టలను ఆరుబయట విదిల్చి, వేడినీటను సబ్బుతో ఉతికి, ఎండలో ఆరవేయవలెను. పట్టుచీరలను నీడన ఆరవేసి, ఆరుబయట మెత్తని కుంచెతో తడవి, డ్రైవాషింగుకు ఇచ్చుట క్షేమము. జరీని గట్టిగా రుద్దరాదు.

ఇక పరుపులును దిండ్లును. దూదిలోపలికి పోయిన బూజును ఏ సబ్బును అందుకొనజాలదు. పైన ఎండినట్లు కనబడును. లోపల పెరుగుచునే యుండును. నాకు తెలిసిన యొక యింట గోడలు కడిగిరి, సున్నము వేసిరి, బట్టలన్నియు ఉడుకబెట్టిరి. ఐనను ఏడేండ్ల పిల్లవానికి రాత్రివేళ పిల్లికూతలు తగ్గలేదు. తుదకు వైద్యుడు వాని పడక యేదని అడిగెను. అది ఆ యిల్లాలికి పుట్టింటివారిచ్చిన బూరుగుదూది పరుపు. వరదలో తడిసినదానిని ఆమె పదునైదు దినములు ఎండబెట్టి, కొత్త గలీబు కుట్టి, మరల వేసినది. దానిని తీసివేసిన నెలలోపల పిల్లవానికి నిదుర పట్టసాగెను. ఆమె చేసినది అశ్రద్ధ గాదు. ప్రేమయు, పేదఱికమును కలిసి చేయించిన పని. క్రొత్త పరుపు కొనుట తేలిక కాదని నేనెఱుగుదును. కాని కొనులోపల శుభ్రమైన చాపమీద పడుకొనుట ఆ పరుపుకంటె వేయిరెట్లు మేలు.

పుస్తకములు, పటములు

బడిపంతులుగారి యింట పుస్తకము పోయిన ప్రాణము పోయినట్లే. తడిసిన పుస్తకమును ఎండలో పెట్టరాదు, అట్టలు వంకరపోవును. నీడన, గాలి యాడుచోట, నిలువుగా నిలిపి, పుటలు కొంచెము విడునట్లు చేసి, నడుమనడుమ అద్దుడుకాగితములుంచి, తడియైనప్పుడెల్ల మార్చుచుండవలెను. 1966 నవంబరులో ఇటలీదేశమందు ఆర్నోనది పొంగి ఫ్లారెన్సు నగరములోని జాతీయగ్రంథాలయము మునిగినప్పుడు, దేశదేశములనుండి వచ్చిన యువకులు బురదలోనుండి గ్రంథములను చేతులతో మోసి వెలికితీసిరి. అక్కడను పుటల నడుమ అద్దుడుకాగితములు పెట్టియే పెక్కింటిని ఆరబెట్టిరి. ఒకేసారి అన్నిటిని ఆరబెట్టలేనప్పుడు ముఖ్యమైనవానిని సంచులలో చుట్టి ఫ్రిజ్జిలోని మంచుగదిలో ఉంచినచో బూజు పెరుగుట ఆగును. తీరికగా ఒక్కొక్కటి తీసి ఆరబెట్టుకొనవచ్చును. పుస్తకము పూర్తిగా ఆరిన పిదపనే, ఆరుబయట, మెత్తని కుంచెతో బూజు తుడువవలెను. తడిమీద తుడిచిన మరక కాగితములోనికి ఇంకిపోవును. అంటుకొనిపోయిన ఛాయాపటములను లాగి విడదీయక, మంచినీటిలో నానబెట్టి, విడివడిన పిదప బొమ్మవైపు పైకియుంచి ఆరబెట్టవలెను.

వంటయిల్లు

వరదనీరు తగిలిన బియ్యము, పప్పు, పిండి, ఊరగాయ ఏదియు ఉంచరాదు. చెమ్మకు బూజుపట్టిన దినుసుల సంగతియు అంతే. పైపొర తీసివేసి లోపలిది వాడుట మన పెద్దల నాటినుండి ఉన్న అలవాటే. కాని బూజు వేళ్లు కంటికి కనబడినదానికంటె లోతునకు పోవును. వేరుసెనగపప్పు, మొక్కజొన్న, ఎండుమిరపకాయల విషయమున మఱింత జాగ్రత్త వలయును. 1960లో ఇంగ్లండున వేరుసెనగపిండి మేసిన టర్కీకోళ్లు లక్షకు పైగా చచ్చినప్పుడు ఆ పిండిలోని బూజు పుట్టించిన అఫ్లటాక్సిను అను విషము బయటపడినది. 1974లో గుజరాతు, రాజస్థాన ప్రాంతముల పల్లెలలో బూజుపట్టిన మొక్కజొన్న తిని, కాలేయము చెడి, నూఱుమందికి పైగా మరణించిరి. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహారసంస్థ శాస్త్రజ్ఞులు దానిని పరిశోధించిరి. ఈ విషము వండినను, వేయించినను పూర్తిగా నశింపదు. కనుక బూజు వాసనగల గింజలను పశువులకు వేయుటయు దోషమే.

గోడలు

బూజుమీద రంగు వేయుట పుండుమీద పట్టుబట్ట కప్పినట్లు. గోడ లోపలివఱకు ఆరనిదే సున్నమైనను వేయరాదు. ఆరినదో లేదో తెలియుటకు చిన్న ఉపాయము కలదు. మూరెడు ప్లాస్టికు కాగితమును గోడకు నాలుగంచులు మూసి అంటించి, ఒక పగలు ఒక రాత్రి ఉంచి చూడవలెను. లోపలివైపున నీటిబొట్లు చేరినచో ఇంకను చెమ్మ కలదన్నమాట. పెచ్చులూడు చోట గీచి, తోమి, ఆరనిచ్చిన పిదప సున్నము కొట్టించుట మేలు. సున్నపు క్షారగుణము బూజును మొలవనీయదు. గోడలోని చెమ్మ బయటికి పోవుటకును అడ్డము రాదు. సంక్రాంతికి ముందు ఏటేట ఇల్లు వెల్లవేయుట వట్టి వేడుక కాదని దీనివలన గ్రహింపవచ్చును. కారుచున్న మిద్దెను, పగిలిన గొట్టమును బాగుచేయింపకయే ఎన్ని సున్నములు వేసినను ఆ సొమ్ము నీటిపాలే. బీరువాలను గోడకు జానెడు ఎడముగా నుంచుట, తడిబట్టలు గదులలో ఆరవేయకుండుట, వానవెలిసి ఎండ వచ్చినప్పుడెల్ల కిటికీలు తీయుట అలవాటు చేసికొనవలెను.

చివరిమాట. ఈ పనియంతయు ఇల్లాలి నెత్తినబడుట మన దేశాచారము. ఆమెయే తోమును, ఆమెయే ఆ ధూళి పీల్చును, ఏది పారవేసినను ఆమెయే మాటపడును. పురుషులు బీరువాలు జరిపి, మిద్దె చూచి, మాస్కు కట్టుకొని గోడ తోమిన ఆ భారము సగమగును. విడువదగిన వస్తువేదో నిర్ణయించు అధికారమును ఇల్లాలికి నిస్సంకోచముగా ఇయ్యవలెను. పరుపు మరల కొనవచ్చును, బీరువా మరల చేయించుకొనవచ్చును. ఈ వర్షకాలము గడచులోపల మీరందఱును ఒకసారి బీరువాల వెనుక దీపము వేసి చూచెదరని నమ్ముచున్నాను.