చెక్కడం వెనుకవైపు

మాసాబ్ ట్యాంక్‌లో నేడు చెరువు లేదు. కుతుబ్‌షాహీల కాలంలో ‘మాసాహెబా’గా మన్ననలందుకొన్న హయత్ బక్షీ బేగం పేరిట వెలసిన చెరువు అది. ఇప్పుడు అక్కడ పిల్లల ఉద్యానం ఉంది. పేరు మాత్రం నిలిచింది. ఆ ప్రాంతంలోని పాత ఇళ్లు కూడా ఒక్కొక్కటిగా అపార్టుమెంట్లకు చోటిస్తున్నాయి. కొత్త గదులలో ఇమడని పందిరి మంచాలు, నిలువుటద్దాల బీరువాలు పాత సామాన్ల వర్తకుల పాలవుతాయి. వాటి తలకట్టున ఉన్న నెమలినో, పూలతీగనో ఎవరో ఊడదీసి అటక మీద దాచుకొంటారు. కొన్నేళ్లకు “ఇది ఎప్పటిది? ఎంత పలుకుతుంది?” అన్న ప్రశ్న పుడుతుంది.

ఈ ప్రశ్నకు జవాబు వెదకే తీరులోనే మనం పొరపడుతున్నామని నా అభిప్రాయం. మనం చెక్కడం ముఖం చూస్తాము. ముందుగా చూడవలసింది వెనుకవైపు. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒకే కొయ్యలో ముందు మెఫిస్టోఫిలిస్‌ను, వెనుక మార్గరెట్టాను మలచిన శిల్పం ఉంది. దాని వెనుక అద్దం నిలిపారు కనుక ఆ రెండవ రూపమూ మనకు కనబడుతుంది. ఇంటి చెక్కడానికి అటువంటి అద్దం లేదు. మనమే తిప్పి చూడాలి.

పనివాడు గోడవైపు ఉండే భాగాన్ని నునుపు చేయడానికి శ్రమపడడు. అందువల్ల అక్కడ రంపపు గీతలు, ఉలి దెబ్బలు చెరగక ఉంటాయి. చేతితో చెక్కిన తీగలో కుడి ఎడమలు అచ్చుగుద్దినట్లుండవు. యంత్రం చెక్కినదానిలో గాట్లన్నీ ఒకే లోతున, ఒకే ఎడంతో సాగుతాయి. కొయ్య నార వెంబడి దాదాపు కుంచించుకుపోదు, నారకు అడ్డంగా మాత్రం కుంచించుకుపోతుంది. కాబట్టి గుండ్రని పువ్వును కొలిస్తే కాలక్రమంలో ఒకవైపు కాస్త తగ్గి ఉంటుంది. నల్లరంగు పూసిన టేకును జిట్రేగిగా అమ్మడం కద్దు. వెనుక ఒక మూల కొద్దిగా గీరితే రంగు పైపైదో, కొయ్యదో తెలిసిపోతుంది. ప్లస్ గుర్తు గాడి గల మరమేకులు 1930ల తరువాత వ్యాపించినవి. అయితే అది తరువాతి మరమ్మతు కూడా కావచ్చు. ఒక్క మేకును చూసి తీర్పు చెప్పరాదు.

పురుగు తొలిచిన గుర్తుల విషయం మరింత ఆసక్తికరం. పురుగు బయటికి వచ్చినచోట చిన్న గుండ్రని రంధ్రమే కనబడాలి. అలాగాక చెక్కడం మీద పొడవాటి కాలువలు తెరుచుకొని ఉంటే, పురుగు పట్టిన పాత కొయ్యను తెచ్చి ఆ తరువాత చెక్కారని అనుమానించాలి. కొయ్య ముసలిదే, పనితనం నిన్నటిది!

ఇన్ని సాక్ష్యాలనూ ఒక్క పూటలో తుడిచివేసేది పాలిష్. నాకు తెలిసిన ఒక కుటుంబంవారు తాతగారి మంచం తాలూకు నెమలిని ముచ్చటపడి మెరుగుపెట్టించారు. గరుకు కాగితంతో ముందూ వెనుకా రుద్ది, లప్పం పెట్టి, వార్నీష్ పూశారు. నెమలి అద్దంలా మెరిసింది. దాని వయసు గురించి చెప్పగలిగినది మాత్రం మేకు రంధ్రం లోపల మిగిలిన పాత రంగు ఒక్కటే.

వయసు బేరానికే సంబంధించిన మాట కాదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన కళాఖండం పురావస్తువు. కేంద్ర ప్రభుత్వ అనుమతి లేనిదే దానిని దేశం దాటించరాదు. ఇక ధర అంటారా, మంచంతో ఉన్న నెమలికీ, ఊడదీసిన నెమలికీ పోలిక లేదు. ఏ ఇంటిది, ఏ సామానుది అన్న ఆధారం తెగిపోయిన వెంటనే అది ఒక అందమైన కొయ్యముక్కగా మిగులుతుంది.

పంజగుట్ట చేరువలోని ఇర్రమ్ మంజిల్‌ను కూల్చాలన్న ప్రభుత్వ నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టివేసింది. భవనాల పక్షాన వాదించేవారు ఉన్నారు, సంతోషం. భవనాల లోపలి మంచాలకు, బీరువాలకు ఎవరున్నారు? మాసాబ్ ట్యాంక్‌లోనే 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ వాస్తుశిల్ప, లలితకళల విశ్వవిద్యాలయం ఉంది. నెలకొక దినం అక్కడ ఒక బల్ల వేసి, ఇరుగుపొరుగువారు తెచ్చిన పాత చెక్కడాలను విద్యార్థులు ఆచార్యుల సమక్షంలో పరిశీలించి, ఫొటో తీసి, తెలిసినంతవరకు రాసిస్తే పెద్ద ఖర్చేమీ కాదు. ధర చెప్పనక్కరలేదు. తెచ్చేవారికి ఒకే నిబంధన పెట్టాలి: పాలిష్ చేయించక ముందే తీసుకొని రావాలి.