కనిపిస్తే చాలా?

గ్రీకు అక్షరం మ్యూ కనిపిస్తే చాలట! బరంపురంలో డీటీపీ కొట్టువాడిదీ ఇదే మాట, గైడు వేసే పబ్లిషరుదీ ఇదే మాట, ప్రూఫు చూసి సంతకం గిలికిన లెక్చరరుగారిదీ ఇదే మాట.

అయ్యా, తమరు నొక్కిన మీట ఏది? ఎమ్. దానికి సింబల్ ఫాంటు తొడిగారు, మ్యూలా కనబడింది. అదే ఫైలు గోపాలపూర్‌లో ఇంకో కంప్యూటరులో తెరిచినప్పుడు ఫాంటు ఊడిందా, మైక్రోగ్రాము మిల్లీగ్రామై కూర్చుంటుంది. వెయ్యి రెట్లు! ఒమేగా కోసం నొక్కిన డబ్ల్యూ బయటపడి, పది ఓములు పది వాట్లవుతాయి. దీన్ని అచ్చుతప్పంటారా? కాదు. అచ్చేసిన అబద్ధం.

మన ఊరి గొడవ కాదంటారా? పక్కనే ఛత్రపూర్. అక్కడి ఇసుకలో మోనజైటు, మోనజైటులో థోరియం. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ తవ్వేది ఆ ఇసుకనే. అలాంటి చోట రేడియేషన్ లెక్క మైక్రోసీవర్టుల్లో రాస్తారు. ఆ కాగితం ఓసారి మీ చేత టైపు చేయిస్తే సరి, ఊరు ఖాళీ!

"మేం సింబల్ ముట్టం, అసలైన గ్రీకు ఫాంటే వాడతాం" అని మీసం మెలేసేవాళ్ళు ఇంకో రకం. బాబూ, అది గ్రీకు భాష అచ్చేసుకోడానికి చేసిన ఫాంటు. మీ ఫిజిక్సు పేజీలో ఘర్షణ గుణకం మ్యూ ఉంది, మైక్రోకూలూంబు మ్యూ ఉంది. మొదటిది రాశి, ఒరిగి ఉండాలి. రెండోది యూనిట్‌కి తగిలించేది, నిటారుగా ఉండాలి. ఐఎస్‌ఓ 80000 చెప్పేదీ అదే. మీరు రెండింటినీ ఒకే వరసలో నిలబెట్టి, తేడా పిల్లాణ్ణి ఊహించుకోమంటారు.

కంప్యూటరు శాస్త్రవేత్త డొనాల్డ్ క్నూత్ తన పుస్తకం ప్రూఫులు చూసి మండిపడి లెక్కల్ని సరిగా అచ్చుకి కూర్చే టెక్ అనే సాఫ్ట్‌వేరు 1977లో మొదలెట్టాడు, లోకానికి ఊరికే ఇచ్చేశాడు. 2001లో యూనికోడ్ 3.1 లెక్కల అక్షరాలకి వేరే కోడ్లే ఇచ్చింది. కాణీ ఖర్చు లేదు. మరి అడ్డేమిటి? బద్ధకం. దానికి అనుభవమని పేరు.

శుభలేఖలో ఇంటిపేరుకి ఒత్తు పోతే ప్రెస్సువాడి గల్లా పట్టుకునే పెద్దమనుషులే, పిల్లల పుస్తకంలో వెయ్యి రెట్ల తేడాకి "సర్దుకోవాలండీ" అంటారు. ఎవరు సర్దుకోవాలి? పరీక్ష రాసేవాడా?

దమ్ముంటే ఒక పని చేయండి. మీ గైడు ఫైలు తెరిచి, ఏ మ్యూనైనా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. మ్యూ వస్తే నేను నోరు మూసుకుంటాను. ఎమ్మో, డొల్ల డబ్బానో వస్తే మాత్రం అమ్మిన ప్రతి కాపీ వెనక్కి తీసుకోండి. డబ్బులతో సహా.