గోదారి గట్టున నలభై ఏళ్లు

అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర నిలబడితే ఒకపక్క సముద్రం, మరోపక్క వసిష్ఠ గోదావరి. గౌతమి, వసిష్ఠ, బంగాళాఖాతం... ఈ మూడింటి మధ్యా ఒదిగిన కోనసీమ నిజానికి ఓ పెద్ద లంక. వంతెనలు వచ్చాక ఆ సంగతి మరిచిపోతున్నాంగానీ సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే మళ్లీ గుర్తొస్తుంది. ఏరు దాటితే నరసాపురం. ఇంకాస్త పైకి వెళ్తే పాలకొల్లు.

ఏటా మాఘమాసంలో లక్ష్మీనరసింహస్వామి కల్యాణానికి జనం ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకు పోటెత్తుతారు. కోపనాతి కృష్ణమ్మ పూనికతో ఇక్కడి ఆలయ నిర్మాణం 1823లో పూర్తయింది. ఆ తర్వాత పదిహేనేళ్లు కూడా తిరక్కుండానే అవతలి ఒడ్డుకు రెండు ఇంగ్లిష్ జంటలు కాపురానికి వచ్చాయి. బీర్ దంపతులు నరసాపురంలో, బౌడెన్ దంపతులు పాలకొల్లులో దిగారు. ఏదో ఏడాదో రెండేళ్లో ఉండి వెళ్లడానికి కాదు. ఈ మట్టిలోనే ముసలివాళ్లు కావడానికి!

మేస్త్రీ... చెప్పులు కుట్టే మనిషి

దొరలనగానే గుర్రం, బంగ్లా, బంట్రోతులూ కళ్లముందు మెదులుతారు. వీళ్లు ఆ బాపతు కాదు. విలియం బౌడెన్ రాతిపని చేసే మేస్త్రీ. జార్జ్ బీర్ చెప్పులు కుట్టేవారు. ఇద్దరిదీ ఇంగ్లండులోని డెవన్ ప్రాంతం. బార్న్‌స్టేపుల్ అనే చిన్న ఊరు. ఇద్దరి భార్యల పేరూ ఎలిజబెత్తే.

వాళ్లను ఓడ ఎక్కించింది ఆంథనీ నోరిస్ గ్రోవ్స్. ఎక్సెటర్ పట్టణంలో పళ్ల డాక్టరుగా బాగా సంపాదిస్తూ, ఉన్నదంతా వదిలి మతప్రచారానికి బాగ్దాద్ వెళ్లిన మనిషాయన. 1831లో అక్కడ ప్లేగు వచ్చి భార్యను పోగొట్టుకున్నారు. అయినా ఆగలేదు. 1836లో కొంతమందిని వెంటబెట్టుకుని మద్రాసుకు బయల్దేరారు. సూయజ్ కాలువ ఇంకా లేదు. 1869లో గానీ తెరుచుకోలేదు. ఆఫ్రికా ఖండాన్నంతా చుట్టి రావాలి. ఏప్రిల్లో బయల్దేరిన ఓడ జులైలో మద్రాసు చేరింది.

అదే ఓడలో హెర్మన్ గుండెర్ట్ అనే జర్మన్ యువకుడు కూడా ఉన్నాడు. ప్రయాణంలోనే బెంగాలీ, హిందుస్తానీ, తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టాడు. తర్వాత కేరళలోని తలశ్శేరిలో స్థిరపడి మలయాళానికి వ్యాకరణం రాశాడు, 1872లో నిఘంటువు వేశాడు. నోబెల్ బహుమతి పొందిన రచయిత హెర్మన్ హెస్సేకి ఆయన స్వయానా తాతయ్య. ఓడ ఒకటే, బయల్దేరిన ఉద్దేశం ఒకటే. గుండెర్ట్ పేరు పుస్తకాల్లో నిలిచింది. మేస్త్రీ, చెప్పులు కుట్టే మనిషీ గోదారి గట్టున రోజులు గడుపుతూ ఉండిపోయారు.

జీతం లేని కొలువు

ఆ రోజుల్లో మిషనరీలకు వాళ్ల సొసైటీలు నెలనెలా జీతాలు పంపేవి. బౌడెన్, బీర్ దంపతులకు అలాంటి సొసైటీ ఏదీ లేదు. జీతం అడగకూడదు, దేవుడు ఎవరి చేతనైనా పంపిస్తే దానితోనే బతకాలి... ఇదీ గ్రోవ్స్ బృందం పెట్టుకున్న నియమం. వినడానికి బాగుంటుంది. ఇంట్లో బియ్యం నిండుకున్నప్పుడు అది ఎలా ఉంటుందో కాపురం చేసేవాళ్లకి తెలుసు. స్వదేశంలో స్నేహితులు డబ్బు పంపినా అది ఓడలో రావాలి. ‘ఇబ్బందిగా ఉంది’ అని ఉత్తరం రాస్తే, అది అందడానికి నెలలు. జవాబుకు మళ్లీ నెలలు.

రాగానే మచిలీపట్నంలో కొన్నాళ్లు తెలుగు నేర్చుకున్నారు. సి.పి.బ్రౌన్ వ్యాకరణం అచ్చయింది 1840లో. నిఘంటువు ఇంకా ఆలస్యం, 1852లో. కాబట్టి బడిలో పాఠంలా నేర్చుకునే వీలు అంతంతమాత్రం. మున్షీ దగ్గర అక్షరాలు దిద్దాలి. ఆపైన పాలమనిషితో, పడవవాడితో, సంతలో కూరగాయలమ్మే అవ్వతో మాట్లాడితేనే భాష నోటికి పట్టేది. మగవాళ్లకి మున్షీ ఉన్నా, ఇల్లు నడిపే ఆడవాళ్లకి వంటిల్లూ వాకిలే బడి.

జ్వరం వస్తే...

అప్పటి డెల్టా ఇప్పటి పచ్చని కోనసీమ కాదు. ఆనకట్ట లేదు, కాలువల్లేవు. వానాకాలంలో వరద, వేసవిలో ఎండిన చెరువు. వాళ్లు వచ్చేనాటికి 1833 నాటి గుంటూరు కరవు జనం నోట ఇంకా మెదులుతూనే ఉంది. వచ్చిన మూడేళ్లకే, 1839 నవంబరులో, తుపాను ఉప్పెన కోరింగ రేవును ఊడ్చేసింది. వాళ్లు మొదట దిగిన మచిలీపట్నాన్ని 1864 నవంబరు ఒకటో తేదీ రాత్రి ఉప్పెన ముంచెత్తినప్పుడు దాదాపు 30 వేలమంది చనిపోయారు.

వీటన్నిటికన్నా భయపెట్టింది జ్వరం. దోమ కుడితే మలేరియా వస్తుందని ఎవరికీ తెలీదు. ఆ గుట్టు రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో విప్పేసరికి 1897 వచ్చింది. చిత్తడి నేల నుంచి వచ్చే చెడుగాలే జ్వరానికి కారణమని నమ్మేవారు. చుట్టూ చిత్తడి నేలే! 1805లో విశాఖపట్నం వచ్చిన మొదటితరం మిషనరీలు జార్జ్ క్రాన్, అగస్టస్ దె గ్రాంజ్... ఐదేళ్లలోనే ఇద్దరూ కన్నుమూశారు. ఆ సంగతి తెలిసి కూడా భార్యలతో సహా వచ్చి ఇక్కడే పిల్లల్ని కన్నారు బౌడెన్, బీర్.

1847లో ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆనకట్ట పని మొదలుపెట్టారు. ఊళ్లకు ఊళ్లు కూలికి కదిలాయి. మతనిష్ఠ ఉన్న మనిషి కాటన్. పనివాళ్ల మధ్య బోధించడానికి ఈ మిషనరీలను ప్రోత్సహించారు. కూలిపనికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఊరికి అవతల బతికే దళితులు. అప్పటిదాకా ఏ పెద్దమనిషీ పక్కన కూర్చుని కష్టసుఖాలు అడగని జనం. డెల్టాలో చర్చీలు ఎక్కువగా ఏ పేటల్లో లేచాయో, ఎందుకు లేచాయో అక్కడే అర్థమవుతుంది. 1852లో ఆనకట్ట పూర్తయింది. కాలువలు పారాయి. పల్లెపల్లెకూ పడవ మీద వెళ్లే వీలొచ్చింది.

దాచాల్సిందేం లేదు

వాళ్లొచ్చింది మతం మార్చడానికే. అందులో దాపరికం లేదు. మన గుళ్లనూ పండగలనూ ఆనాటి మిషనరీల రాతలు చిన్నచూపు చూసేవి. తిరనాళ్లలో నిలబడి విగ్రహారాధన తప్పని బోధించడం అప్పట్లో మామూలే. ఏటికి ఇవతల నరసింహస్వామిని నమ్ముకున్నవాళ్లకి అది నొప్పి కలిగించే మాటే. ఆ నొప్పిని కాదనక్కర్లేదు. అలాగని ఆ దంపతులు పడ్డ కష్టాన్నీ కాదనక్కర్లేదు. ఏటికి రెండు ఒడ్లున్నట్టే ఈ కథకీ రెండు ఒడ్లు.

ఇంకో సంగతి. నరసాపురం లేసు పేరు వినని తెలుగింటి ఆడవాళ్లుండరు. ఆ అల్లికను 19వ శతాబ్దంలో మెక్‌రే అనే స్కాట్లండ్ మిషనరీ దంపతులు నేర్పారని చెబుతారు. కరవుల్లో చితికిపోయిన ఆడవాళ్లకి నాలుగు డబ్బులొస్తాయని మొదలైన పని అది. తర్వాత ఇటు రాజోలు, సఖినేటిపల్లి వైపు కూడా అరుగుల మీదికి వచ్చేసింది. అందులోనూ తీపి ఎంతో చేదూ అంతే. రోజంతా కళ్లు పొడుచుకుని అల్లే మహిళను కార్మికురాలిగా లెక్కగట్టక ‘ఇంట్లో ఖాళీగా కూర్చునే ఇల్లాలు’ అనడంవల్లే కూలి అంత తక్కువని జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ 1982లో ఓ పుస్తకమే రాశారు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అల్లే చేతులకు ఆ గుర్తింపు ఎంత దక్కుతుందన్నది చూడాలి.

ముసలితనం ఎక్కడ?

జార్జ్ బీర్ 1853లో చనిపోయారు. ఆనకట్ట పూర్తయిన మరుసటేడు. ఎలిజబెత్ మూటాముల్లె సర్దుకుని స్వదేశానికి వెళ్లిపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కానీ ఆమె నరసాపురంలోనే ఉండిపోయారు. పెద్దయ్యాక కొడుకులూ అదే పనిలోకి దిగారు. విలియం బౌడెన్ 1876లో కన్నుమూశారు. అంటే నలభై ఏళ్లు. పాతికేళ్లు దాటీదాటని కుర్రాడు నెరిసిన జుట్టు దాకా గోదారి నీళ్లే తాగాడన్నమాట.

ఇప్పటికీ సేవ కోసం దూరదేశాలకు వెళ్లే పెద్ద వయసు దంపతులున్నారు. మోర్మన్ చర్చి తరఫున రిటైరైన అమెరికన్ జంటలు పసిఫిక్ దీవుల్లో సొంత ఖర్చుతో ఏడాదో రెండేళ్లో పనిచేసి వెళ్తుంటాయి. మన ఇళ్లలోనూ అమ్మానాన్నలు అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్తారు. ఆర్నెల్లు కాగానే అంతర్వేది తీర్థం గుర్తొస్తుంది, పెరట్లో కొబ్బరిచెట్టు గుర్తొస్తుంది. భాష రాని వీధిలో పొద్దు గడవక, తిరుగు టికెట్ తేదీ చూసుకుంటూ ఉంటారు.

ఆ తేదీ లేకుండా బతకడం ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి. పొద్దున్నే లేచి, నిన్న రాని మాటను ఇవాళ మళ్లీ పలికి, పక్కింటివాళ్ల పురుడుకీ చావుకీ వెళ్లి, జ్వరం తగ్గితే మళ్లీ పడవెక్కి... ఇలా నలభై ఏళ్లు. వాళ్ల మతం మనది కావచ్చు, కాకపోవచ్చు. పరాయి ఊరిని సొంతం చేసుకోవడమంటే ఇంతేనని మాత్రం ఆ ఇళ్లు చెబుతాయి. నేర్చుకున్న పలుకూ, వాకిట్లో పలకరింపూ, వెళ్లిపోకుండా ఉండిపోవడమూ!