అటకెక్కిన ఆప్యాయత

శ్రావణం దగ్గరపడుతోంది. హైదరాబాదు బేగంబజారులోనూ, విజయవాడ వన్‌టౌన్‌లోనూ వాయనాల సామాను దుకాణాల గుమ్మాలు దాటి వీధిలోకి వచ్చేసింది. జర్మన్ సిల్వర్ కుంకుమ భరిణెలు, ముత్యాలు కుట్టిన బుల్లి బుట్టలు, లక్ష్మీదేవి బొమ్మ వేసిన పళ్ళేలు, జరీ అంచు సంచులు, అన్నీ డజన్ల లెక్కన. కొనేవాళ్ళు వేసుకునే లెక్క ఒక్కటే, మనిషికి ఎంత పడుతుందని. పుచ్చుకునే ఇంట్లో దానికి చోటుందా, అక్కడ అది ఏ పనికొస్తుంది అన్న ఊసు ఆ బేరంలో రాదు. వరలక్ష్మీ వ్రతం సాయంత్రానికి అవి ఇళ్ళకు చేరతాయి. దసరా సర్దుళ్ళ నాటికి అటకెక్కుతాయి.

ఆ అటక మీద ఇప్పటికే ఏమున్నాయో ఎవరికి వాళ్ళకి తెలుసు. పెళ్ళినాటి లెమన్ సెట్లు, అట్టపెట్టె కూడా విప్పని డిన్నర్ సెట్టు, మూడు సైజుల హాట్‌ప్యాకులు, గృహప్రవేశానికి వచ్చిన గోడగడియారాలు, ఫ్రేము కట్టించిన వేంకటేశ్వరస్వామి పటాలు. దేవుడి పటం పారేయలేం, తగిలించడానికి గోడ లేదు. వీటిలో ఇంటివాళ్ళు కావాలని కొనుక్కున్నవి వెతికినా దొరకవు. ఏటా ఒకసారి దించడం, దుమ్ము దులపడం, "అమ్మాయి పెళ్ళికి పనికొస్తాయిలే" అనుకుని మళ్ళీ పైకెక్కించడం. అమ్మాయి పెళ్ళికి అమ్మాయి స్నేహితులు మరో అటకకు సరిపడా తెస్తారు.

ఇల్లు సర్దుకోవడం మీద ఇప్పుడు పుస్తకాలకూ వీడియోలకూ కొదవ లేదు. ప్రతి వస్తువునూ చేతిలోకి తీసుకుని, అది సంతోషం కలిగిస్తే ఉంచుకోమనీ లేకపోతే వదిలెయ్యమనీ జపాన్ రచయిత్రి మరీ కొండో చెబుతుంది. మంచి సలహాయే. కాకపోతే మన ఇళ్ళల్లో ఒక హాట్‌ప్యాకు చేతిలోకి తీసుకోగానే గుర్తొచ్చేది సంతోషం కాదు, మేనత్త. "ఇది రాజమండ్రి అత్తయ్య పెట్టింది, వచ్చినప్పుడు అడిగితే ఏం చెబుతాం?" ఆ ఒక్క మాటతో అది ఎక్కడినుంచి దిగిందో అక్కడికే చేరుతుంది. నిజానికి అత్తయ్య అడగదు. ఏం పెట్టిందో ఆవిడకి జ్ఞాపకం కూడా ఉండదు. అయినా ఆ అడగని ప్రశ్నకి జడిసి ఇరవయ్యేళ్ళపాటు వస్తువుని కాపలా కాస్తాం. కాబట్టి మన ఇళ్ళ ఇరుకు బీరువా దగ్గర తీరేది కాదు. ఇచ్చేచోట మొదలైంది, అక్కడే విప్పుకోవాలి.

మన పాతవాళ్ళ పెట్టుపోతలు ఈ విషయంలో చాలా తెలివైనవి. సారె తీసుకోండి. అరిసెలు, లడ్డూలు, సున్నుండలు, కాజాలు, చలిమిడి. వచ్చిన రోజే వీధంతా పంచుతారు, పది రోజుల్లో ఖాళీ డబ్బాలు మిగులుతాయి. ఆడపడుచు పుట్టింటి గొప్ప నలుగురి నాలుక మీదికీ వెళ్ళిపోతుంది, ఇంట్లో అంగుళం చోటు ఆక్రమించదు. వాయనమూ అంతే. నానబెట్టిన శనగలు, తాంబూలం, పసుపు కుంకుమలు, ఒక పండు, నాలుగు పువ్వులు. మర్నాటికి శనగలు తాలింపులోకి వెళతాయి, పువ్వులు వాడిపోతాయి. ఆ మూట పక్కన "ఏదో ఒక వస్తువు" ఉండాలన్న పట్టింపు బజారు నేర్పింది. శనగలు మాత్రమే ఇస్తే చిన్నతనమనే భయం కూడా అక్కడిదే.

చదివింపుల గురించీ కొంచెం చెప్పుకోవాలి. పెళ్ళిపందిట్లో ఒకాయన పుస్తకం పట్టుకుని కూర్చోవడం, ఇంకొకాయన "ఫలానావారు నూటపదహార్లు" అని గొంతెత్తి చదవడం చదువుకున్నవాళ్ళకి మోటుగా కనిపించింది. కానీ ఆ మోటుదనంలో ఒక తెలివైన లెక్క ఉంది. అమెరికాలో జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అనే ఆర్థికశాస్త్రవేత్త 1993లో క్రిస్మస్ కానుకల మీద ఒక వ్యాసం రాశాడు. విద్యార్థులను అడిగి ఆయన తేల్చిందేమిటంటే, పుచ్చుకున్నవాళ్ళ దృష్టిలో ఆ కానుకల విలువ ఇచ్చినవాళ్ళు పెట్టిన ఖర్చు కన్నా పదోవంతు నుంచి మూడోవంతు దాకా తక్కువ. ఆ తేడా ఎవరికీ దక్కకుండా గాలికి పోయినట్టే. చదివింపులో ఆ తరుగు లేదు. పెట్టిన ప్రతి రూపాయీ పెళ్ళివారి చేతికి రూపాయిగానే అందుతుంది, వంటవాళ్ళ బాకీకో పందిరి కిరాయికో సాయపడుతుంది. పుస్తకంలో రాసుకున్నది రేపు పెట్టినవాళ్ళింటి శుభకార్యానికి తిరిగి చేరుతుంది. బ్యాంకులు గడప తొక్కనివ్వని కాలంలో బంధువర్గమంతా కలిసి నడుపుకున్న చిట్టీ లాంటిదది.

దాని నొప్పి దానికి ఉంది, కాదనకూడదు. పక్కవాడి అయిదువందల పదహార్ల తరవాత తన పేరు పక్కన పదకొండు రూపాయలు చదివితే తలవంచుకున్న చుట్టాలు ప్రతి పెళ్ళిలోనూ ఉండేవారు. కవరు వచ్చి ఆ గొంతుని మాన్పించింది, మంచి పనే చేసింది. 2021లో మదురైలో ఒక పెళ్ళివారు కానుక డబ్బు పంపడానికి శుభలేఖ మీద క్యూఆర్ కోడ్ అచ్చు వేయించి వార్తల్లోకెక్కినప్పుడు చాలామంది నవ్వారు. చదివింపుల పుస్తకం చూసిన తెలుగువాళ్ళు అంతగా నవ్వాల్సిన పనిలేదు. అన్నట్టు, వరకట్న నిషేధ చట్టం కింద 1985లో వచ్చిన నిబంధనల ప్రకారం వధూవరులకు వచ్చిన కానుకలకు జాబితా రాసిపెట్టుకోవాలి. వస్తువేమిటి, ఉజ్జాయింపు విలువెంత, ఎవరిచ్చారు, వాళ్ళకి ఏమవుతారు అన్నీ ఉండాలి. మన పుస్తకం పట్టుకున్న పెద్దమనిషి ఇందులో చాలా భాగం ఏ చట్టమూ చెప్పకుండానే చేశాడు. ఇప్పటి కల్యాణమండపాల్లో కానుకలు కారు డిక్కీలోకి వెళతాయి తప్ప కాగితం మీదికి రావు.

ఇక జాకెట్ ముక్క. దీని మీద వేయని హాస్యం లేదు. బొట్టు పెట్టి ఒకావిడ ఇస్తుంది, పుచ్చుకున్నావిడ మడత విప్పకుండా ఇంకో పేరంటంలో ఇస్తుంది, తిరిగి తిరిగి ఏడాదికో రెండేళ్ళకో అదే ముక్క అదే మడతతో మొదటావిడ ఒళ్ళో పడుతుంది. కుట్టించుకుందామంటే చాలా ముక్కలు ఒంటికి చాలవు కూడా. పాపువా న్యూగినీ తూర్పున ట్రోబ్రియాండ్ దీవుల్లో 'కులా' అనే మారకం గురించి మానవశాస్త్రవేత్త మాలినోవ్‌స్కీ 1922లో వెలువడిన తన గ్రంథంలో వివరంగా రాశాడు. గవ్వల దండలు ఒక దిశలో, గవ్వ కడియాలు ఎదురు దిశలో దీవి నుంచి దీవికి పడవలెక్కి తిరుగుతూ ఉంటాయి. చేతికొచ్చినదాన్ని కొన్నాళ్ళు ఉంచుకుని ముందుకి పంపాలి. పట్టుకుని కూర్చున్నవాడికి పిసినారి పేరొస్తుంది. విద్వాంసులు నూరేళ్ళుగా ఆ గవ్వల మీద పుస్తకాలు రాస్తున్నారు. మన పేటల్లో జాకెట్ ముక్క చేస్తున్న ప్రయాణమూ అలాంటిదే, పడవ ఒక్కటే తక్కువ. మనమిచ్చే కానుకలన్నిటిలోనూ పుచ్చుకున్నవాళ్ళకి "ఇంకొకరికి ఇచ్చేయవచ్చు" అనే స్వేచ్ఛ నోటితో చెప్పకుండానే దొరుకుతున్నది దీనితోనే. డిన్నర్ సెట్టుకి ఆ స్వేచ్ఛ ఉంటే సగం అటకలు ఈపాటికి ఖాళీ అయ్యేవి.

ఒక తరం కింద స్టీలు గిన్నెల మీద పేరూ తేదీ చెక్కించి ఇచ్చేవారు. వాటిని ఇంకొకరికి ఇచ్చే వీలు బొత్తిగా లేదు. కానీ వాటిని తప్పు పట్టబుద్ధి కాదు. నలభయ్యేళ్ళ కిందటి పెళ్ళి గిన్నె ఇవాళ్టికీ పొయ్యి మీద పప్పు ఉడికిస్తోంది. రోజూ చేతికి తగిలేదాన్ని ఎవరూ చెత్త అనరు.

సభల్లో కప్పే శాలువాలకీ చేతికిచ్చే జ్ఞాపికలకీ ఆపాటి గతి కూడా లేదు. పేరున్న రచయితల, కళాకారుల ఇళ్ళకు వెళితే ప్లాస్టిక్ కవరు ఊడని శాలువాలు మంచం కింద పెట్టెల నిండా ఉంటాయి. 2021 ఆగస్టులో కర్ణాటక ప్రభుత్వం అధికారిక సభల్లో పూలగుత్తులూ దండలూ శాలువాలూ జ్ఞాపికలూ వద్దని, ఇవ్వాలనుకుంటే కన్నడ పుస్తకాలివ్వమని ఉత్తర్వు ఇచ్చింది. మన దగ్గరా నూతన సంవత్సరానికి కలవడానికొచ్చేవాళ్ళని పూలగుత్తుల బదులు నోటుపుస్తకాలు తెమ్మనే అధికారులున్నారు. అవి ఆ తరవాత హాస్టళ్ళకు చేరతాయి. పుస్తకమైతే చాలు, ఏదైనా మంచి కానుకే అని మాత్రం ఈ కలం ఒప్పుకోదు. పుచ్చుకునేవాళ్ళ అభిరుచి తెలియకుండా ఇచ్చిన పుస్తకమూ అటకెక్కేదే, పైగా చెదలు తెస్తుంది.

ఇప్పటికే పోగుపడినవాటి సంగతేమిటి? భోగిమంటలో వేద్దామంటే చాలావరకు ప్లాస్టిక్కే, ఆ పొగ పిల్లల ఊపిరితిత్తులకే వెళుతుంది. పాత చీరలకు స్టీలు సామానిచ్చే బండి ఇంకా వీధుల్లో తిరుగుతోంది, కానీ ఆ బేరంలో ఒక సామాను పోయి మరొకటి లోపలికొస్తుంది. దానికన్నా ఆ చీరలతో అమ్మమ్మలు కుట్టిన బొంతలే నయం. 2023 మేలో స్వచ్ఛభారత్ కింద దేశమంతటా పట్టణాల్లో ఆర్ఆర్ఆర్ కేంద్రాలు తెరిచారు. సినిమా కాదు, పనికొచ్చే పాతవస్తువులు తీసుకుని అవసరమైనవాళ్ళకి చేర్చే చోట్లు. మీ పేటలో ఉందేమో మునిసిపాలిటీలో కనుక్కోవచ్చు. ఇలా ఇచ్చేటప్పుడు ఒక మర్యాద ఉంది. 1999లో 'గూంజ్' సంస్థను స్థాపించిన అంశు గుప్తా (2015లో మెగసెసె పురస్కారం అందుకున్నారు) పాత బట్టలను దానంగా పంచడానికి ఇష్టపడలేదు. ఊరివాళ్ళు తమ ఊరికే ఒక బావి తవ్వుకుంటే, దారి వేసుకుంటే దానికి ప్రతిఫలంగా బట్టలు అందేట్టు ఏర్పాటు చేశారు. గుండీలు ఊడిన చొక్కాని పనిమనిషి చేతిలో పెట్టి పుణ్యం కట్టుకున్నామనుకునేవాళ్ళు తెలుసుకోవలసిన సంగతిది.

పెద్దవాళ్ళ ఇళ్ళ సంగతి ఇంకా బరువైనది. పిల్లలు డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటారు. అమెరికా విమానంలో మామూలుగా మనిషికి ఇరవైమూడేసి కిలోల పెట్టెలు రెండు. ఆవకాయకీ కందిపొడికీ రెండు చీరలకీ అవి సరి. అమ్మానాన్నల తరవాత సెలవు దొరికిన పది పదిహేను రోజుల్లో ఒక జీవితకాలపు సామాను ఖాళీ చేయాలి. ఏది ఎవరిదో, దేని వెనక ఏ కథ ఉందో చెప్పేవాళ్ళుండరు. ఇత్తడి గుండిగ కిలోల లెక్కన పాతసామాన్లవాడి తక్కెడకెక్కుతుంది. స్వీడన్‌లో ముసలితనంలో తమ సామాను తామే తగ్గించుకుని పిల్లలకు ఆ శ్రమ తప్పించే అలవాటుకు ప్రత్యేకంగా ఒక పేరే ఉంది. మార్గరెటా మాగ్నసన్ అనే స్వీడన్ కళాకారిణి దాని మీద రాసిన చిన్న పుస్తకం 2017లో వచ్చి ఎన్నో దేశాల్లో చదివించుకుంది. మన ఇళ్ళల్లో ఆ మాటెత్తితే "అశుభం పలక్కు" అని నోరు మూయిస్తారు. కానీ బామ్మలు ఆ పని చేస్తూనే ఉండేవారు. కాసులపేరు పెద్దమనవరాలికి, గంధపు చెక్క పెట్టె మూడో కోడలికి అని తామే పిలిచి, దాని కథ చెప్పి, చేతిలో పెట్టేవారు. వీలునామాకి ఎదురుచూడకుండా ఇచ్చిన ఆ వస్తువులు ఏ అటకా ఎక్కలేదు. కథ తెలిసినదాన్ని మనిషి కళ్ళెదుటే పెట్టుకుంటాడు.

మరి ఏమివ్వాలి? తినేవి ఇవ్వచ్చు. వేసవిలో ఒక పెట్టె బంగినపల్లి, పండక్కి ఆత్రేయపురం పూతరేకులు. ఇంట్లో షుగరున్నవాళ్ళుంటే అదీ ఆలోచించుకోవాలి. మొక్కలిమ్మంటారు కొందరు. ఎండ తగలని అపార్టుమెంటు బాల్కనీకి మొక్కనిచ్చి వెళితే నెలరోజుల్లో అది చచ్చిపోయి, ఆ పాపం ఇంటావిడ నెత్తిన పడుతుంది. పనులు ఇవ్వడం మేలు. పురిటింటికి వారానికి రెండుసార్లు భోజనం క్యారియరు పంపడం, పెద్దాయనను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి కళ్ళజోడు మార్పించి తీసుకురావడం, అదే అటక సర్దడానికి ఒక ఆదివారం నిచ్చెన పట్టుకోవడం. పిల్లల పుట్టినరోజుకు పదిమంది పది ప్లాస్టిక్ కార్లు తెచ్చే బదులు కలిసి ఒక సైకిలు కొంటే చదివింపుల సూత్రమే మళ్ళీ పనిచేసినట్టు. అప్పుడు రిటర్న్ గిఫ్టుగా పెన్సిల్ డబ్బాలు పంచే ముచ్చట కూడా మానుకోవచ్చు, పిల్లలకి కేకు చాలు.

వీటన్నిటికీ అడ్డమొచ్చేది మొహమాటం. ఏం కావాలని అడగడం మర్యాద కాదని ఇచ్చేవాళ్ళు, ఫలానాది కావాలని చెప్పడం ఆశపోతుతనమని పుచ్చుకునేవాళ్ళు. ఇద్దరి మర్యాదా కలిసి మూడు నెలలకే పొట్టైపోయే పట్టుగౌన్లు అరడజను పసిగుడ్డు ఉయ్యాల పక్కన పేరుస్తుంది. శుభలేఖ మీద "బహుమతులు వద్దు, ఆశీస్సులు చాలు" అని అచ్చు వేయిస్తే కూడా ఎవరూ వట్టిచేతులతో రారు. వట్టిచేతులతో వెళ్ళడం మనకు చాతకాదు. అందుకని వద్దనడం కన్నా ఏదో ఒకటి చెప్పడమే తేలిక. బాలసారెకు పిలిచిన వదినగారికి ముందురోజు ఫోను చేసి, "వదినా, పాపకి ఏం కావాలో చెప్పెయ్. చెప్పకపోతే నాకు తోచింది తెచ్చి నీ అటక నింపుతాను" అంటే ఆవిడ కాసేపు "అబ్బే, ఏమీ వద్దు వదినా, మీరొస్తే చాలు" అంటుంది. ఇంకోసారి అడిగితే గొంతు తగ్గించి అసలు మాట చెబుతుంది: "డైపర్లు పట్రా వదినా. పెద్ద ప్యాకెట్."