ఉరి తీస్తే మన కడుపుమంట చల్లారుతుందేమో గానీ...

"ఆవేశంలో చేసినవాడు వేరు, ప్లాన్ వేసి చంపినవాడు వేరు. వాణ్ణి ఉరి తీయాల్సిందే." నలుగురు ఆడవాళ్ళం ఒకచోట చేరితే ఈ మాట రాకుండా ఉండదు. టీవీలో ఏదో ఒక ఘోరం వస్తూనే ఉంటుంది, చిక్కుళ్ళు వలుస్తూనే మనం శిక్ష కూడా వేసేస్తాం. నాకు మాత్రం ఆ మాట మింగుడుపడదు. తిట్టుకున్నా సరే, చివరిదాకా చదవండి.

మేముండేది అఫ్జల్‌గంజ్‌లో. కోఠీ గోకుల్ చాట్‌కి నడిచి వెళ్ళొచ్చు. 2007 ఆగస్టు 25, శనివారం సాయంత్రం అక్కడా, లుంబినీ పార్కులోనూ బాంబులు పేలి 40 మందికి పైగా పోయారు. సరదాగా చాట్ తినడానికి వచ్చినవాళ్ళు! అంతకన్నా పక్కా ప్లాన్ ఇంకేముంటుంది? 2018 సెప్టెంబరులో కోర్టు ఇద్దరికి ఉరిశిక్ష వేసింది. "పదకొండేళ్ళా? అప్పుడే వేలాడదీయాల్సింది" అన్నారు మా వీధిలో అందరూ.

సరే, అప్పుడే అంటే ఎప్పుడు? అదే ఏడాది మే 18న, మూసీకి అవతల మక్కా మసీదులో శుక్రవారం నమాజు వేళ బాంబు పేలింది. పోలీసులు పాతబస్తీ కుర్రాళ్ళని పట్టుకెళ్ళారు. వాళ్ళని హింసించారని మైనారిటీ కమిషన్ తరఫున వెళ్ళిన న్యాయవాదే నివేదిక ఇచ్చారు. తర్వాత వాళ్ళు నిర్దోషులుగా బయటికొచ్చారు, ప్రభుత్వం నష్టపరిహారం కూడా ఇచ్చింది. దర్యాప్తు ఇంకో దారి పట్టి ఇంకెవర్నో పట్టుకుంటే, విచారణ జరిగిన ఆ ఐదుగురినీ 2018 ఏప్రిల్‌లో కోర్టు వదిలేసింది. ఆ వేడిలో మనం అడిగినట్టే జరిగుంటే ఏ తల్లి కొడుకు మెడకి తాడు పడేదో ఆలోచించండి. జైలు నుంచి వచ్చినవాడి చేతిలో డబ్బు పెట్టొచ్చు (పోయిన ఏళ్ళకి అదేం లెక్కలెండి). ఉరి తీసినవాడికి ఏం పెడతారు, పిండమా?

భయం ఉండాలి కదా అంటారు. 2020 మార్చి 20న నిర్భయ కేసు దోషులు నలుగుర్నీ తీహార్ జైల్లో ఉరి తీశారు. దేశమంతా చూసింది. రెండు నెలలకే వరంగల్ దగ్గర గొర్రెకుంట బావిలో తొమ్మిది శవాలు తేలాయి. అన్నంలో నిద్రమాత్రలు కలిపి, ఒక్కొక్కర్నీ ఈడ్చుకెళ్ళి బావిలో పడేశాడు. వాళ్ళలో పసివాడు కూడా ఉన్నాడు. ఎందుకట? అంతకు ముందు చేసిన ఒక హత్య బయటపడకూడదని! శిక్ష భయం వాణ్ణి ఆపలేదు సరికదా, ఒకటిని పది చేసింది. ప్లాన్ వేసేవాడి బుర్రలో ఉరితాడు ఉండదండీ, దొరక్కుండా ఎలా తప్పించుకోవాలన్నదే ఉంటుంది.

ఇక మిర్యాలగూడ. 2018 సెప్టెంబరు 14న గర్భిణి అయిన భార్య కళ్ళ ముందే, ఆసుపత్రి బయట ఒక దళిత కుర్రాణ్ణి నరికేశారు. అమ్మాయి తండ్రే సుపారీ ఇచ్చాడని కేసు. ఆయన 2020లో ఆత్మహత్య చేసుకున్నాడు. 2025 మార్చిలో, నరికినవాడికి ఉరి, మిగతా ఆరుగురికి యావజ్జీవం. ప్లాన్ హత్యకి ఉరే సరి అనే మన ఆడవాళ్ళే అప్పుడు ఏమన్నారో గుర్తుందా? "పాపం, కన్నతండ్రి కడుపుకోత" అన్నారు! కత్తి పట్టిన కూలివాడికి తాడు కావాలి, డబ్బిచ్చి చేయించిన 'పరువు'కి మాత్రం సానుభూతి. ఆ పరువుని అన్నం పెట్టి పెంచుతున్నది మన వంటింట్లోనే కాదూ?

"నీ పిల్లకే జరిగితే?" అంటారు. జరిగితే నా చేతులతోనే వాడి పీక నులమాలనిపిస్తుంది. అందుకే తల్లిని జడ్జి కుర్చీలో కూర్చోబెట్టరు. జైల్లో మేపడం దండగ అనే లెక్క నా దగ్గర చెప్పకండి, నాకు దానికి జవాబివ్వాలని కూడా అనిపించదు.

వదిలేయమని నేనెక్కడ అన్నాను? 2019లో హన్మకొండలో తొమ్మిది నెలల పసిపాపను చంపినవాడికి కింది కోర్టు ఉరి వేస్తే, హైకోర్టు దాన్ని చివరి శ్వాస దాకా జైలుగా మార్చింది. మా వదిన "తప్పించుకున్నాడే" అంది. రోజూ తెల్లారి లేచి అదే గోడ చూడటం, ఆ పాప వయసు ఇప్పుడెంత ఉండేదో లెక్కపెట్టుకుంటూ ముసలివాడవడం తప్పించుకోవడమెలా అవుతుందో ఆమె నాకింకా చెప్పలేదు.