ఎండకాలంలో ఇన్సులిన్: నరసరావుపేట సభ తీర్మానం

పల్నాడు జిల్లాకు చెందిన మధుమేహ రోగులు, వారి కుటుంబాలవారు, వైద్యులు, ఆరోగ్య కార్యకర్తలు నరసరావుపేటలో సమావేశమై ఆమోదించిన తీర్మానం.

ఈ సభ గమనించినదేమనగా: 1922 జనవరిలో టొరంటోలో పద్నాలుగేళ్ల బాలుడికి ఇన్సులిన్ ఇచ్చిన నాటినుంచి టైప్ 1 మధుమేహం వచ్చిన పిల్లలు బతికి పెద్దవారు కాగలుగుతున్నారు. అమెరికా, కెనడాలలో 1,441 మందిపై సాగి 1993లో ఫలితాలు వెలువడిన డీసీసీటీ పరిశోధన, షుగర్‌ను గట్టిగా అదుపులో ఉంచితే కంటి జబ్బు మొదలయ్యే ముప్పు 76 శాతం తగ్గుతుందని తేల్చినది. ఆ వైద్యంలో షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం సుమారు మూడింతలైనదని కూడా అదే పరిశోధన చెప్పినది.

ఈ సభ గుర్తించినదేమనగా: పొద్దున్నే సూది వేసుకుని మిర్చి కోతకు వెళ్లి, సద్ది గట్టున పెట్టి పొద్దెక్కేదాకా తినని కూలీకి ఈ రెండో సంగతే ముఖ్యం. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వడదెబ్బగా పొరబడే వీలున్నది. కొంగున చక్కెర పొట్లం ఉండాలన్న మాట మందుచీటీలో రాయవలసినంతటిది.

ఈ సభ విచారిస్తున్నదేమనగా: సూది మొదలైతే జబ్బు ముదిరినట్లేనన్న భయంతో మాత్రలతోనే ఏళ్లు నెట్టుకొస్తున్నవారు ఇంకా ఉన్నారు. టైప్ 1 పిల్లలకు సూది మాన్పించి ఆకుపసరు పోయడం ప్రాణాంతకం. దీనిపై సభలో రెండో అభిప్రాయం లేదు.

ఈ సభ ఇంకా గమనించినదేమనగా: తెరవని సీసాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలని, వాడుతున్నది గది వేడిలో సుమారు నాలుగు వారాలు నిలుస్తుందని నియమం. రెంటచింతల ఎండల్లో రేకుల ఇంటికి ఆ ‘గది వేడి’ వర్తించదు. 25 నుంచి 37 డిగ్రీల మధ్య మారే వేడిలోనూ నాలుగు వారాలు ఇన్సులిన్ శక్తి నిలిచినదని జెనీవా విశ్వవిద్యాలయం, ఎంఎస్‌ఎఫ్ వైద్య సేవా సంస్థ 2021లో ప్రకటించినవి. అంతకు మించిన వేడి ఆ పరీక్షలో లేదు.

ఈ సభ తీర్మానించినదేమనగా: ఫ్రిజ్ లేదన్న కారణంతో ఎవరికీ ఇన్సులిన్ వాయిదా వేయరాదు. పెద్ద కుండలో చిన్న కుండ పెట్టి, నడుమ తడి ఇసుక నింపి, నీరు చొరని డబ్బాలో సీసాను ఉంచి, నీడన గాలి తగిలేచోట పెట్టే పద్ధతిని ఆశా కార్యకర్తలు ఇంటింటా చేసి చూపాలి. గడ్డకట్టిన సీసాను పారవేయాలి.

ఈ సభ తీర్మానించినదేమనగా: మిల్లీలీటరుకు 40 యూనిట్ల సీసాతో ఎర్రమూత సిరంజినే ఇవ్వాలి. అంతకన్నా గాఢమైన ఇన్సులిన్‌కు గుర్తులు వేసిన నారింజమూత సిరంజితో ఆ సీసానుంచి 20 యూనిట్లు లాగితే ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే.

ఈ సభ కోరుతున్నదేమనగా: మాచర్ల, గురజాల ప్రాంతాల ఇళ్లలో మార్చి నుంచి జూన్ వరకు కుండలోని వేడిని రోజూ నమోదు చేసి, ఆ సీసాల శక్తిని ప్రయోగశాలలో పరీక్షించే అధ్యయనాన్ని వైద్య కళాశాలలు చేపట్టాలి. అంగీకార పత్రం తెలుగులో ఉండాలి. ఫలితాలు ముందుగా ఆ ఇళ్లవారికే తెలపాలి.

ఈ తీర్మానం ప్రతులను జిల్లా కలెక్టరుకు, జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారికి పంపాలని సభ నిశ్చయించినది.